తలుపు తట్టే తాళాలాయన

విడాకులు తీసుకుందామనుకున్న మొగుడూ పెళ్ళాలు లాయరు దగ్గరికి ఎలా వెళ్ళాలి? ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, వీలైతే చెరో రోజున వెళ్ళాలి. లోకంలో పద్ధతి అది. వీళ్ళిద్దరూ మాత్రం పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరినట్టు కలిసి బయల్దేరారు. ఒకే బస్సెక్కారు, ఒకే గొడుగు కింద రోడ్డు దాటారు. జిరాక్స్ షాపు పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కాక ఆయన తలుపు తీసి పట్టుకుంటే ఆమె ముందు లోపలికి వెళ్ళింది. చూసినవాళ్ళెవరైనా ముచ్చటైన జంట అనుకుని ఉంటారు.

ఆమె బేకరీలో పనిచేస్తుంది, వీధిలో అందరికీ రొట్టెలమ్మ. ఆయనకు మలుపులో చిన్న తాళాల దుకాణం ఉంది, కాబట్టి తాళాలాయన. పెళ్ళై పదకొండేళ్ళయింది. ఎనిమిదేళ్ళ కూతురుంది. ఇంట్లో పిడుగు అని పిలుస్తారు, ఆ పిలుపుకి ఏ రోజూ లోటు రానివ్వదు.

లాయరమ్మ అరవైకి దగ్గరపడ్డ మనిషి. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల పైనుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నా దగ్గరికి వచ్చింది మీలో ఎవరు అని అడిగింది. ఇద్దరం అన్నారు ఇద్దరూ. మాకు గొడవలేమీ లేవండీ, ఇద్దరికీ ఇష్టమే, కాగితాలు రాసిపెడితే సంతకాలు చేసి పోతాం, ఒక ఇంటికి ఇద్దరు లాయర్లెందుకు దండగ అని ఆమె గడగడా చెప్పేసింది. తాళాలాయన తల ఊపాడు. ఆయన మాట్లాడటమంటే సగం రోజులు అదే.

లాయరమ్మ నవ్వింది గానీ ఒప్పుకోలేదు. ఇష్టపడి విడిపోతున్నా సరే, ఒక లాయరు ఒకరి పక్కనే కూర్చోవాలి అంది. రేపు పిల్ల విషయంలోనో ఇంటి విషయంలోనో చెరో మాటా అన్నారనుకోండి, నేను ఎవరి మేలు చూడాలి? ఇద్దరి మేలూ చూస్తానన్న లాయరు ఇద్దర్నీ ముంచుతుంది. కాబట్టి ఒకళ్ళు ఉండండి, ఒకళ్ళు వేరే లాయర్ని చూసుకోండి, ఆ తర్వాత నలుగురం ఒక బల్ల దగ్గర కూర్చుని పొందిగ్గా మాట్లాడుకోవచ్చు అని చెప్పింది.

తాళాలాయన లేచాడు. "నువ్వు మాట్లాడు" అని భార్యతో అని, గొడుగు ఆమె కుర్చీకి తగిలించి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బయట వాన పడుతూనే ఉంది. అదీ ఆయన వరస. గొడుగు ఇచ్చిపోతాడు, నేను తడుస్తానని మాత్రం చచ్చినా చెప్పడు. ఆమెకు ఒళ్ళు మండింది.

ఎందుకు విడిపోదామనుకుంటున్నారు అని లాయరమ్మ అడిగింది. ఈ ప్రశ్నకి రొట్టెలమ్మ దగ్గర జవాబు లేక కాదు, చెబితే నవ్వుతారని భయం. తాగడు, కొట్టడు, తిట్టడు, ఇంకో మనిషి లేదు. అడిగితే తప్ప మాట్లాడడు, అంతే. మొదట్లో ఆమే అన్నీ అడిగేది. ఎక్కడికి, ఎప్పుడొస్తారు, ఎందుకలా ఉన్నారు. కొన్నేళ్ళకి రోషం వచ్చింది. పోలీసులా రోజూ నేనే ఎందుకు అడగాలి, చెప్పాలని ఆయనకే ఉండొద్దా అనుకుని అడగడం మానేసింది. ఆమె అడగడం మానేశాక ఆ ఇంట్లో మాటే లేకుండా పోయింది.

పోయినేడు ఒక రోజు బట్టలు నానబెడుతుంటే ఆయన చొక్కా వీపు మీద పాత నెత్తుటి మరక కనిపించింది. చూస్తే వీపు మీద నాలుగు కుట్ల మచ్చ. వీపులో గడ్డ ఉంటే ఒక్కడే బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళి కోయించుకుని వచ్చాడు. ఆ ముక్కని పరీక్షకి పంపారట. అది మంచిదో చెడ్డదో తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఆయన పక్కనే పడుకుంది ఆమె. మంచిదేనని తేలాక తెలిసింది ఆమెకి. నాకెందుకు చెప్పలేదు అంటే, "నువ్వు అడగలేదుగా" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. ఆ క్షణంలో ఆమె మనసు విరిగిపోయింది.

లాయరమ్మ నవ్వలేదు. కారణం కొట్టడమే కానక్కర్లేదమ్మా, ఇద్దరూ ఒప్పుకున్నప్పుడు ఒకళ్ళని దోషిని చేయాల్సిన పనే లేదు అంది. ఆ తర్వాత తన పద్ధతి చెప్పింది. ఇంటి దగ్గర తోచిన ప్రతి ప్రశ్నా రాసుకుని రావాలి, ఇది అడిగితే తెలివితక్కువగా ఉంటుందేమో అనుకోకూడదు. ఇంకోటి, తను అడిగినవే కాదు, అడగనివి కూడా చెప్పాలి. ఈ గదిలో చెప్పింది గడప దాటదు. మంచిదైనా చెడ్డదైనా ముందు నాకు తెలియాలి, అవతలి లాయరు నోటి నుంచి నేను వినకూడదు అంది.

రొట్టెలమ్మ అప్పటికే బేకరీ ఆర్డరు చీటీ వెనక ప్రశ్నలు రాసుకొచ్చింది. చీటీకి ఇంకా పిండి అంటుకునే ఉంది. ఒక్కొక్కటే చదివింది, లాయరమ్మ ఒక్కొక్కటే విప్పి చెప్పింది. కోర్టుకి ఎన్నిసార్లు తిరగాలి? ఒప్పందం కుదిరితే తక్కువ, కుదరకపోతే చెప్పులరిగేదాకా. ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళకి ఇంటి మీద హక్కు పోతుందా? వెళ్ళినంత మాత్రాన పోదు, కానీ ఎలా వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు అన్నది రేపు ఎవరైనా తమకు కావలసినట్టు చెప్పుకోవచ్చు, అందుకని రాతలో ఉంటే మంచిది. జడ్జి పిల్లని నిలబెట్టి అమ్మ కావాలా నాన్న కావాలా అని అడుగుతాడా? అంత మోటుగా ఎవరూ అడగరు.

ఆఖరి ప్రశ్న చదవకుండా ఆమె చీటీ మడిచి, లాయరమ్మ వైపు చూసి అడిగింది. తల్లినైతే చాలా, పిల్లని నా దగ్గరే ఉంచుతారా?

చాలదు అంది లాయరమ్మ. తల్లా తండ్రా అని కాదు, పిల్ల రోజు ఎలా గడుస్తుందో చూస్తారు. ఎవరు లేపుతున్నారు, ఎవరు బడికి పంపుతున్నారు, జ్వరమొస్తే ఎవరుంటున్నారు. అవన్నీ అడుగుతారు. ఇంతకీ మీ డ్యూటీ ఎన్నింటికి?

తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంట్లోంచి బయల్దేరతానని రొట్టెలమ్మ చెప్పింది. రొట్టె కదా, ఊరు లేచేసరికి సిద్ధంగా ఉండాలి.

"మరి పిల్ల?" అంది లాయరమ్మ పెన్ను పట్టుకుని.

"మా అక్క వచ్చి పడుకుంటుందండీ."

పచ్చి అబద్ధం. ఆ అక్క ఊరికి ఆ చివర ఉంటుంది, ఎనిమిదింటికి ముందు కన్ను తెరిచిన పాపాన పోలేదు. కానీ ఆ కుటుంబంలో చదవకుండానే లాయరైన మనిషి ఆ అక్కే. ఎవరి కేసు ఏమైందో, ఎవరికి పిల్లలు ఎందుకు దక్కలేదో అన్నీ నాలుక చివర ఉంటాయి ఆమెకి. పొద్దున్నే పిల్లని వదిలేసి పోతావని తెలిసిందంటే నీ పిల్ల నీకు దక్కదే, ఆయన వచ్చి చూసుకుంటున్నాడని గనక నోరు జారావో, ఇంకేముంది, ఆయనే పెంచుకోవచ్చుగా అంటారు అని చెప్పింది. ఎవరైనా అడిగితే నేనొచ్చి పడుకుంటున్నానని చెప్పు అని అభయం కూడా ఇచ్చేసింది. అబద్ధానికేం, చెప్పడానికి తెల్లారుజామున లేవక్కర్లేదుగా.

నిజం ఏమిటంటే, రోజూ పొద్దున్నే వచ్చేది తాళాలాయనే.

ఇల్లు ఆమెకూ పాపకూ వదిలేసి ఆయన దుకాణం వెనక గదికి మారి రెండు నెలలైంది. వెళ్ళిన రోజు ఆయన చేసిన పని చెప్పాలి. ఆ ఇంటి తలుపు తాళం చాలా ఏళ్ళుగా మొరాయిస్తూ ఉండేది. తలుపుని కాస్త పైకెత్తి, చెవిని సగం తిప్పి, భుజంతో ఒక తోపు తోస్తే గాని వచ్చేది కాదు. ఊరందరి తాళాలూ బాగుచేసే మనిషికి తన గుమ్మం కనిపించదా అని ఆమె ఏళ్ళ తరబడి లోలోపల ఉడికిపోయేది, నోరు తెరిచి మాత్రం చెప్పేది కాదు. ఆయనేమో ఎత్తి తోసి బాగానే తీస్తోందిగా అనుకునేవాడు. వెళ్ళిపోయే రోజున, బట్టల పెట్టె గుమ్మం పక్కన పెట్టి, గంటసేపు కూర్చుని పాత తాళం ఊడదీసి కొత్తది బిగించాడు. వెన్నలా తిరిగింది. మూడు చెవులొచ్చాయి దానికి. మూడూ ఆమె చేతిలో పెట్టాడు.

తాళాలాయనకి పనిలో ఒక నియమం ఉంది. బిగించిన తాళం చెవి ఒక్కటి కూడా తన దగ్గర ఉంచుకోడు. ఎన్ని చెవులొచ్చాయో, ఎవరికి ఇచ్చాడో పనుల పుస్తకంలో రాసి, తీసుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకుంటాడు. తాళాలవాడి దగ్గర మన చెవి ఉందేమోనని ఒక్కరికి అనుమానం వచ్చినా ఇక దుకాణం మూసుకోవడమే అంటాడు. ఆ రోజు కూడా అలవాటు ప్రకారం పుస్తకం తీసి, 'మూడు చెవులూ ముట్టాయి' అని రాసి, కట్టుకున్న పెళ్ళాం చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆమె కూడా, ఏదో కరెంటు మీటరు చూసేవాడికి పెట్టినట్టు, పెట్టేసింది. ఇలాంటి పని లోకంలో ఇంకే మొగుడూ పెళ్ళాలూ చేసి ఉండరు.

మర్నాడు నాలుగుంపావుకి తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు. తీసి చూస్తే ఆయన. ఏమీ అనలేదు, ఆమె ఏమీ అడగలేదు. ఆమె బయటికి వెళ్ళింది, ఆయన లోపలికి వచ్చాడు. పిల్లని ఆరున్నరకి లేపుతాడు, జడలు వేస్తాడు, పాలూ రొట్టే పెడతాడు, బడి గేటు దాకా నడిపిస్తాడు. జడలు మాత్రం ఆయనే బాగా వేస్తాడు, చిన్న చిన్న స్ప్రింగులు బిగించే చేతులు కదా. ఇలా రెండు నెలలు, ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఇలా ఉండగా నోటీసు వచ్చింది.

తాళాలాయన కుదుర్చుకున్నది ఒక కుర్ర లాయర్ని. నల్లకోటు మడతలు ఇంకా విడలేదు, చేతినిండా కేసులూ లేవు. దొరికిన ఒక్క కేసు మీదా తన ప్రతాపమంతా చూపించాడు. రొట్టెలమ్మ ఆ కాగితం బేకరీ వెనక, పిండి బస్తాల మీద కూర్చుని చదివింది. ఫలానా తేదీన నా క్లయింటుని ఇంట్లోంచి వెళ్ళగొట్టి, తలుపుకి కొత్త తాళం వేయించి, చెవులన్నీ మీ అధీనంలో ఉంచుకున్నారు, అందుకు మీ సంతకమే రుజువు అని ఉంది. నా క్లయింటుని కన్నబిడ్డకు దూరం చేశారు, కనుక పాపని తండ్రి సంరక్షణకే ఇవ్వాలని కోరబోతున్నాం అని ఉంది.

సంరక్షణ అన్న మాట దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి ఆమెకి. పిడుగు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్ళముందు కనపడింది. భయంతో మొదలై కోపంలో పడింది. ఇవాళ పొద్దున కూడా వచ్చాడే మహానుభావుడు! నా చేత్తో నేను తలుపు తీస్తే లోపలికి వచ్చి, నా కూతురికి జడలు వేసి, ఆ చేత్తోనే ఇది రాయించాడా అనుకుంది. ఆ పూట చేసిన బన్నులన్నీ గట్టిగా వచ్చాయి. ఏమైందమ్మా ఇవాళ, పిండితో కుస్తీ పట్టావా అని బేకరీ యజమాని అడిగితే ఆమె ఇంకో పళ్ళెం పిండి ముందుకు లాక్కుంది.

మర్నాడు పొద్దున రెండు దెబ్బలూ వినిపించాయి. తలుపు తీసింది. అడిగి కడిగేద్దామని రాత్రంతా మాటలు పేర్చుకుని ఉంది. కానీ కేసు సంగతులు ఆయనతో గుమ్మంలో తేల్చుకోవద్దు, ఏదున్నా నా ద్వారా రావాలి అని లాయరమ్మ మొదటి రోజే చెప్పింది. దానికి తోడు పాత రోషం ఒకటి, ఆయనే చెప్పాలి, నేను అడగను. ఆయన తన కాళ్ళ వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ఏదో అనబోయినట్టే ఉంది, అనలేదు. ఆమె చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

లాయరమ్మ నోటీసు రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఏమ్మా, తాళాలు చేసే మనిషిని తాళం వేసి బయట పెట్టారా మీరు?" అని నవ్వేసింది. ఊళ్ళో ఏ తలుపైనా అర నిమిషంలో తీసే మనిషిని! తర్వాత నవ్వు ఆపి, నవ్వడానికి బాగానే ఉంటుంది గానీ మీ సంతకం మాత్రం సంతకమే, జవాబు కోపంతో కాకుండా రుజువుతో ఇవ్వాలి అంది. ఆయన పాపని చూస్తున్నాడని చూపించగలిగితే ఈ నోటీసు కూలిపోతుంది. ఈ రెండు నెలల్లో ఎప్పుడైనా చూశాడా, ఎక్కడ, ఎవరి ఎదుట?

రొట్టెలమ్మ నోటీసు వంక చూసింది. ఆమెను కాపాడే నిజం ఒకటే ఉంది, అది ఆమె దాచిపెట్టిన నిజమే. చెబితే తాళం సంగతి తేలిపోతుంది, కానీ పొద్దున పూట పిల్లని తండ్రి చూసుకుంటున్నాడని బయటపడుతుంది. చెప్పకపోతే మొగుడిని గెంటేసిన మనిషిగా మిగులుతుంది. అటు చూస్తే పిల్ల పోయేలా ఉంది, ఇటు చూసినా పిల్ల పోయేలా ఉంది. కాసేపు బల్ల అంచు గోకుతూ కూర్చుంది. ఆ తర్వాత, అక్క రావట్లేదండీ, రోజూ వచ్చేది ఆయనే అని మొత్తం చెప్పేసింది. చెబుతుంటే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

లాయరమ్మ కోప్పడుతుందనుకుంది. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, ఆమె నీళ్ళు తాగేదాకా ఆగింది.

"మీరు నాతో అబద్ధం చెప్పారు, సరే, అది ఈ గదిలోనే ఉంది. నేను దాన్ని కాగితం మీద పెట్టి ఉంటే? రేపు మీ అక్కని నిలబెట్టి ప్రమాణం చేయించి అడిగితే? అప్పుడు మీరు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. పిల్ల పోయేది అప్పుడమ్మా, ఇప్పుడు కాదు."

ఇంకో మాట కూడా చెప్పింది ఆవిడ. అన్నీ ఒంటిచేత్తో చేసే తల్లి కోసం ఎవరూ వెతకరు. పిల్ల పొద్దున్నే ఒంటరిగా ఉందా అని చూస్తారు, లేదు. బడికి వేళకి వెళ్తోందా అని చూస్తారు, వెళ్తోంది. విడిపోతూ కూడా ఇద్దరూ సర్దుకుని పిల్లని చూసుకుంటున్నారంటే అది మీ తప్పు కాదు, మీ బలం. ఇక లోపల ఇంకేమైనా దాచుకున్నారా, ఇప్పుడే చెప్పండి అంది. ఏమీ లేదని రొట్టెలమ్మ తల అడ్డంగా ఊపింది. ఎన్నాళ్ళకో గుండె మీంచి బస్తా దింపినట్టయింది.

నోటీసుకి జవాబు రాసే ముందు ఒకసారి నలుగురం కూర్చుందాం అని లాయరమ్మ అవతలికి కబురు పెట్టింది.

కూర్చున్నది ఆవిడ గదిలోనే. ఒక వైపు రొట్టెలమ్మ, లాయరమ్మ. అటువైపు తాళాలాయన, కుర్ర లాయరు. కుర్ర లాయరు పనుల పుస్తకం తెరిచి, సంతకమున్న పేజీలో ఎర్ర రిబ్బను పెట్టుకుని వచ్చాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టబోతుంటే లాయరమ్మ చెయ్యెత్తి ఆపింది. మా అమ్మాయి ఒక మాట చెబుతుంది, ముందు అది వినండి అంది.

రొట్టెలమ్మ చెప్పింది. రోజూ నాలుగుంపావుకి ఆయన వస్తారని, తనే తలుపు తీస్తుందని, పిల్లని లేపడం నుంచి బడికి దింపడం దాకా ఆయనే చూస్తారని. తన లాయరుకి కూడా ఇది మొదట చెప్పలేదని, చెబితే పిల్లని తీసేసుకుంటారని భయపడ్డానని కూడా చెప్పింది. ఆ చివరి మాట చెప్పక్కర్లేదు నిజానికి, కానీ దాచుకోవడం మీద ఆమెకి అసహ్యం పుట్టి ఉంది.

కుర్ర లాయరు మొహంలో రంగులు మారాయి. క్లయింటు వైపు తిరిగి, ఇది నిజమా అన్నాడు. తాళాలాయన తల ఊపాడు. మరి నాకు చెప్పలేదేమండీ అంటే, ఇంటి చెవి మీ దగ్గరుందా అని అడిగారు, లేదన్నాను అన్నాడు. చెవులన్నీ ఎవరి దగ్గరున్నాయన్నారు, ఆమె దగ్గరన్నాను.

"పాపని చూడనిస్తున్నారా అని కూడా అడిగాను కదండీ!"

దానికి తాళాలాయన మాట్లాడలేదు. ఆ రోజు కూడా మాట్లాడలేదట. పాపం ఏడుపు దిగమింగుకుంటున్నాడనుకుని కుర్ర లాయరు మిగతాదంతా తనే అల్లేశాడు. పిల్లని నాకే ఇప్పించండి అని ఆయన ఎప్పుడూ అనలేదట, అది కూడా ఈ అబ్బాయి ఉత్సాహమే.

లాయరమ్మ అడుగుతుందేమోనని రొట్టెలమ్మ చూసింది. ఆవిడ పెన్ను కింద పెట్టి, మీరే అడగండి అన్నట్టు ఆమె వైపు చూసింది. ఎన్నో ఏళ్ళుగా మానేసిన పని అది. అయినా అడిగింది.

"ఏవండీ" అంది. అలవాటుగా వచ్చేసింది ఆ పిలుపు, లాయర్లిద్దరూ తలెత్తారు. "ఆ నోటీసు చదివి వినిపించినప్పుడు మీరు ఆపలేదా?"

"ఆపుదామనుకున్నాను."

"మరి ఎందుకు ఆపలేదు?"

ఆయన చేతులు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఉండే నల్లటి నూనె మరకలు. "ఆపితే పొద్దున నేను వస్తున్న సంగతి చెప్పాలిగా. అది చెబితే, నువ్వు పొద్దున ఇంట్లో ఉండవని వాళ్ళకి తెలుస్తుంది. తెలిస్తే పిల్లని నీ దగ్గర ఉంచరేమోనని..." అని ఆగి, "చెడ్డపేరు ఎటూ తాళం మీదికే పోతోంది కదా, పోనీ అనుకున్నాను" అన్నాడు.

తాళం మీదికా! ఆ చెడ్డపేరు నేరుగా ఆమె నెత్తి మీదికే వచ్చిందని ఆ మనిషికి తోచలేదు. తోచదు. లోపల కొండంత పెట్టుకుని బయటికి ఆవగింజంత అనేవాడికి ఎదుటివాళ్ళకి ఏం వినపడుతుందో ఎలా తెలుస్తుంది? రొట్టెలమ్మకి నవ్వు వచ్చింది, దాని వెంటే కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఇద్దరూ ఒక్క నిజాన్నే దాచారు. ఇద్దరూ ఆమె దగ్గర పిల్ల ఉండాలనే దాచారు. అంత కలిసిన మనసులు పెట్టుకుని ఒకళ్ళకొకళ్ళు ఒక్క ముక్క చెప్పుకోలేకపోయారు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. కుర్ర లాయరు, సిగ్గుపడ్డా మంచివాడే, నోటీసు వెనక్కి తీసుకుంటున్నట్టు అక్కడికక్కడే రాసిచ్చి, రిబ్బను తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పందంలో లాయరమ్మ ఒక్కో ముక్కా చదువుతూ ఇద్దర్నీ అడుగుతూ రాసింది. పాప తల్లి దగ్గర ఉంటుంది. బడి ఉన్న రోజుల్లో తెల్లవారుజాము నుంచి బడి దాకా తండ్రిది. సెలవు రోజుల్లో ఒకటి ఆయనది. జడ్జి కూడా ఒకసారి చదివి, పిల్లకి బాగానే ఉందనుకుంటే ముద్ర వేస్తారు, అప్పటిదాకా ఇలాగే నడుపుకోండి అంది. రొట్టెలమ్మ సంచిలోంచి మూడో తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. నాకు ఒంట్లో బాగోకపోయినా, ముందే వెళ్ళాల్సొచ్చినా మీరు గుమ్మంలో నిలబడక్కర్లేదు అంది. అది కూడా కాగితంలోకి ఎక్కింది. తాళాలాయన తన పుస్తకం తీసి, చెవి ఒకటి ముట్టింది అని రాసి, ఈసారి తనే సంతకం పెట్టుకున్నాడు.

సంతకాలు పెట్టబోయే ముందు ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది. ఇన్నేళ్ళ సర్వీసులో ప్రతి జంటనీ అడిగే ప్రశ్నే, అయినా ఈసారి కాస్త మెల్లగా అడిగింది. "ఇంకోసారి ఆలోచించుకుంటారా? కంగారేం లేదు, కాగితం ఇక్కడే ఉంటుంది."

తాళాలాయన భార్య వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో ఏదో ఉంది, ఆమెకి కనిపించింది. నోటితో చెబుతాడేమోనని ఆగింది. నిజంగానే ఆగింది, పది లెక్కపెట్టేంతసేపు. ఆయన చెప్పలేదు.

"వద్దండీ. ఆ ఒక్క ముక్క ఆయన నోటి నుంచి వినడానికి నాకు ఇద్దరు లాయర్లు కావాల్సొచ్చారు. రోజూ ఎక్కడ తెచ్చుకోను?" అంది. కోపంగా అనలేదు. తాళాలాయన, అలవాటు ప్రకారం, తల ఊపాడు. ఇద్దరూ సంతకాలు పెట్టి, మొదటిసారి వచ్చినట్టే ఒకే బస్సులో తిరుగుదారి పట్టారు.

మర్నాడు తెల్లవారుజామున రొట్టెలమ్మ జుట్టు ముడేసుకుని చెప్పుల కోసం వెతుక్కుంటుంటే తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు వినిపించాయి. గడియారం చూసింది, నాలుగుంపావు. తలుపు తీసింది. ఆయన ఒక చేత్తో తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కొత్త దారం కట్టి ఉంది దానికి.

చెవి ఉంది కదా, ఎందుకు తట్టారు అని నోటి దాకా వచ్చింది ఆమెకి. అడగలేదు. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

ఆయన లోపలికి రాలేదు. ఒక క్షణం గడప అవతలే ఆగి, "నువ్వు లోపలున్నావుగా, అందుకని తట్టాను" అన్నాడు. ఇంకాస్త ఆగి, "ఇక ముందు కూడా తడతాను" అన్నాడు.

ఎవరూ అడగలేదు ఆయన్ని. ఇద్దరు లాయర్లు లేరు, బల్ల లేదు, ఆమె కూడా అడగలేదు. పదకొండేళ్ళలో అడగకుండా ఆయన తన మనసులోది చెప్పిన మొదటి మాట అది, ఆమెకి తెలిసినంత వరకు. ఒక్క ఏడాది ముందు చెప్పి ఉంటే ఏమయ్యేది అనుకుంది ఆమె. ఏమయ్యేదో ఇక ఎవరికీ తెలియదు.

"పిడుగుకి నిన్న రాత్రి కాస్త దగ్గుంది, పాలు వేడిగా ఇవ్వండి" అంది. అలాగే అన్నాడు ఆయన. ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. సగం మెట్ల మీద ఉండగా, పైన తలుపు మూసి తాళం లోపలి నుంచి తిప్పిన చప్పుడు వినిపించింది, ఎక్కడా పట్టేయకుండా. అవతల పిండి పొంగి ఉంటుంది, ఆలస్యమైతే పులిసిపోతుంది. ఆమె వీధిలోకి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, బేకరీ వైపు గబగబా నడిచింది.